ఐటీఐ ఏడాదా, మూడు నెలల 6జీ కోచింగా?

కొత్తరాడ్డు: పది పాసైన కుర్రాడు పైపు వెల్డింగ్‌లోకి రావాలంటే ఐటీఐలో ఏడాది వెల్డర్ ట్రేడ్ చేయాలా, నేరుగా మూడు నెలల 6జీ కోచింగ్‌లో చేరొచ్చా? గల్ఫ్‌లో ఏది పనికొస్తుంది?

గాజువాక ఫిట్టర్: నేరుగా 6జీ. కంపెనీ చూసేది కాగితం కాదు, టెస్ట్ కూపన్, అంటే పరీక్షకి వెల్డు చేసి చూపించే పైపు ముక్క. 6జీ పొజిషన్‌లో పైపు 45 డిగ్రీల వాలులో బిగించి ఉంటుంది, తిప్పడానికి వీల్లేదు. అది కొట్టినవాడికి మిగతా పొజిషన్లు వచ్చినట్టే లెక్క. చాలా ఐటీఐల్లో రాడ్డు పట్టే గంటలే తక్కువ.

రూట్‌పాస్: ఒప్పుకోను అన్నా. 6జీలో కుర్రాళ్లు ఎక్కడ పోతున్నారు? పైపు అడుగున, గడియారంలో ఆరు అంకె ఉండే చోట. అక్కడ రూట్, అంటే జాయింటు అడుగున వేసే మొదటి పొర, పైపు లోపలికి పొంగాలి. వేడి ఎక్కువైతే కరిగిన లోహం తన బరువుకే కిందికి జారి, లోపలివైపు గుంట పడుతుంది. టిగ్‌లో (ఆర్గాన్ గ్యాస్ కింద, టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగ్) 2.4 మి.మీ. ఫిల్లర్ తీగకి పైపుల మధ్య గ్యాప్ 3 మి.మీ. దగ్గర, రూట్ ఫేస్ (అంచున వాలు కోయకుండా వదిలే మందం) 1 నుంచి 1.5 మి.మీ. ఉంచినా, కరిగిన లోహపు పూల్ చూసి చెయ్యి ఆడించడం రాకపోతే లాభం లేదు. ట్యాకుల (పైపులు కదలకుండా ముందు వేసే చిన్న వెల్డుల) రెండు చివర్లూ గ్రైండర్‌తో పల్చగా దించకపోతే అక్కడ రూట్ కలవదు. ఇదంతా ముందు ప్లేటు మీద 1జీ (పడుకోబెట్టి) నుంచి 4జీ (తలపైన) దాకా అన్ని పొజిషన్లలో కొట్టికొట్టి రావాలి. మూడు నెలల్లో ఒకే సైజు పైపు మీద ఒకే కదలిక అలవాటవుతుంది. టెస్టులో మిషన్ మారితే చెయ్యి తడబడుతుంది.

గాజువాక ఫిట్టర్: ప్లేటు పని మంచి కోచింగ్‌లోనూ చేయిస్తారు. దానికి ఏడాది అక్కర్లేదు.

క్యూసీ విశాఖ: ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్‌లో వెల్డింగ్ అర్హతల భాగమైన సెక్షన్ 9 ప్రకారం వెల్డర్‌కి అర్హత పరీక్ష పెట్టే బాధ్యత పని ఇచ్చే కంపెనీదే. కోచింగ్ వాళ్ల 6జీ సర్టిఫికెట్ చూపించినా సైటులో మళ్లీ కూపన్ కొట్టాల్సిందే. వెల్డు ముక్కని వంచి చూసే బెండ్ టెస్టులో ఏ లోపమైనా 3 మి.మీ. దాటి తెరుచుకుంటే రిజెక్ట్. వచ్చిన అర్హత కూడా, ఆ ప్రాసెస్‌లో (టిగ్, రాడ్డు లాంటి వెల్డింగ్ పద్ధతిలో) ఆరు నెలలు పని చేయకపోతే పోతుంది. ఐటీఐ ఇచ్చే ఎన్‌టీసీ (జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్)కి అలాంటి గడువు లేదు, అప్రెంటిస్‌షిప్‌కీ ప్రభుత్వ రంగ నోటిఫికేషన్లకీ పనికొస్తుంది.

ఎక్కడ చేరినా ముందు రాడ్ల ఓవెన్ చూడండి. 7018 రకం (తక్కువ హైడ్రోజన్) రాడ్లు విప్పిన అట్టపెట్టెలో బెంచీ మీద పడి ఉంటే వెనక్కి వచ్చేయండి. తేమ పీల్చిన రాడ్డుతో వెల్డులో గాలి బుడగలు, ఆనక హైడ్రోజన్ పగుళ్లు. 300–350 డిగ్రీల్లో గంటో రెండు గంటలో కాల్చి, ఆపైన 100–150లో వేడిగా ఉంచాలి. ఈ క్రమశిక్షణ మొదట్లో అబ్బకపోతే తర్వాత నేర్పడం మహా కష్టం.

కొత్తరాడ్డు: అయితే ఐటీఐ చేసి, ఆ తర్వాత రెండు నెలలు పైపు మీద టిగ్ రూట్?

రూట్‌పాస్: అదే సరి తమ్ముడూ. కోచింగ్ ఫీజు కట్టేముందు వాళ్ల కుర్రాళ్లు కొట్టిన కూపన్ ఒకటి నిలువునా కోయించి, ఆరు దగ్గర లోపల వేలు పెట్టి చూడు. గుంట తగిలితే ఇంకో చోటు వెతుక్కో.

గాజువాక ఫిట్టర్: ఈ మాటకి నాదీ ఓటే. రోజుకి ఎన్ని పైపు ముక్కలిస్తారో కూడా అడుగు.