సొంతంగా కట్టుకున్న ఇల్లు: వీలునామా రాయాలా, గిఫ్ట్ డీడ్ చేసేయాలా?

విశ్రాంత కండక్టర్:
సభ్యులందరికీ నమస్కారం. నేను ఆర్టీసీలో పనిచేసి రిటైర్ అయ్యాను. వయసు డెబ్బై దాటింది. హనుమకొండలో నా జీతంతో 200 గజాల స్థలం కొని, పీఎఫ్ డబ్బు కూడా కలిపి కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను కట్టుకున్నాను. కింద నేనూ నా భార్యా, పైన కొడుకూ కోడలూ ఉంటున్నాము. కూతురు పెళ్లయి మస్కట్‌లో స్థిరపడింది. పెళ్లప్పుడు ఆమెకు బంగారం, నగదు ఇచ్చాము. ఇల్లు కొడుక్కి చెందాలని నా ఉద్దేశం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చునే డాక్యుమెంట్ రైటర్, వీలునామా రాస్తే పిల్లలు కోర్టుల చుట్టూ తిరగాలి కాబట్టి ఇప్పుడే గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చేసేయమంటున్నాడు. తెలిసిన లాయరు గారు మాత్రం తొందరపడవద్దు, వీలునామా రాయండి అంటున్నారు. అనుభవం ఉన్నవారు ఏది మేలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పెన్నాతీరం:
డాక్యుమెంట్ రైటర్ చెప్పినదే సరైన మాట. మా అమ్మ నా పేర వీలునామా రాసి, రిజిస్టర్ కూడా చేయించింది. ఆమె పోయిన తరువాత మా అన్న, అక్క కలిసి, రాసేనాటికి అమ్మకు మతిస్థిమితం లేదంటూ దావా వేశారు. సాక్షులుగా సంతకాలు పెట్టినవారిద్దరూ ఆ రోజు రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో దొరికిన మనుషులే. వారిలో ఒకరు చనిపోయారు, రెండోవారి ఆచూకీ ఎవరికీ తెలియదు. అరిగిపోయిన అమ్మ బొటనవేలిని యంత్రం గుర్తించకపోవడంతో అక్కడి ఉద్యోగి ఆమె చెయ్యి పట్టుకొని మళ్లీ మళ్లీ నొక్కించాడు. అవతలి లాయరు దానినే బలవంతంగా వేయించిన వేలిముద్ర అని వాదించాడు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది, ఆ ఇంటి మీద ఏ బ్యాంకూ అప్పు ఇవ్వడం లేదు. అదే గిఫ్ట్ డీడ్ అయివుంటే అమ్మ బతికుండగానే అన్నీ తేలిపోయేవి.

సంతకం:
రిజిస్టర్ చేసిన వీలునామాను ఏ కోర్టూ కొట్టేయదు. మీ కాగితంలో మరేదో లోపం ఉండి ఉంటుంది.

కోర్టుపక్షి:
జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను కనుక కలుగజేసుకుంటున్నాను. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితం కూడా అక్కరలేదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేది రాసినవారి సంతకమూ, ఆయన సంతకం చేయడం చూసిన లేదా అది తన సంతకమేనని ఆయన నోట విన్న కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలూ మాత్రమే. రిజిస్టర్ చేస్తే బలం పెరుగుతుందన్నది నిజమే. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక భూవివాదంలో సుప్రీంకోర్టు 2025లో, రిజిస్టరైన వీలునామా నిజమైనదేనని ముందుగా భావించాలని, కాదనేవారే ఆ సంగతి నిరూపించాలని చెప్పింది. అయితే అనుమానాలకు తావిచ్చే పరిస్థితులు ఉంటే, ఉదాహరణకు లబ్ధి పొందేవాడే దగ్గరుండి రాయించినట్లు కనబడితే, ఆ అనుమానాలను తొలగించవలసిన భారం వీలునామా చూపేవారిదేనన్న 1959 నాటి తీర్పు కూడా అమలులోనే ఉంది. అందువల్ల ‘ఏ కోర్టూ కొట్టేయదు’ అన్న మాట సరికాదు.

గిఫ్ట్ డీడ్ సంగతి వేరు. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మార్కెట్ విలువ మీద స్టాంపు డ్యూటీ కట్టాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. కొడుకు ఒకసారి స్వీకరించిన తరువాత, మనసు మారిందని మీరు దానిని రద్దు చేసుకోలేరు. వీలునామాను మాత్రం బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కండక్టర్ గారు ముందుగా ఆలోచించుకోవలసిన తేడా ఇదే.

మూడో అంతస్తు:
లాయరు గారు చెప్పిన చివరి మాటను దయచేసి మళ్లీ చదవండి. మా అమ్మ నాన్నగారి ఇంటిని తమ్ముడి పేర గిఫ్ట్ డీడ్ చేసింది. ఆ కాగితంలో ‘ప్రేమాభిమానములచేత’ అన్న మాట ఉంది కానీ, అమ్మను చూసుకోవాలన్న ఒక్క వాక్యం కూడా లేదు. ఏడాది తిరగకుండానే కింది పోర్షన్ అద్దెకు ఇచ్చి, అమ్మను నా దగ్గరకు పంపించేశాడు. నేనుండేది లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్లు దిగలేక గుడికి కూడా పోకుండా ఇంట్లోనే ఉండిపోయింది. ఆర్డీఓ గారి దగ్గర దరఖాస్తు పెడితే, షరతు రాయలేదు కాబట్టి మేమేమీ చేయలేమన్నారు. తన ఇంటి తాళంచెవి తన దగ్గర ఉండి ఉంటే ఆమెకు ఆ గతి పట్టేది కాదు.

పెన్నాతీరం:
మీకు జరిగినది అన్యాయమే. కానీ అది కాగితం రాయడంలో జరిగిన పొరపాటు, గిఫ్ట్ డీడ్ తప్పు కాదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. అందులోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్, అంటే మీరు దరఖాస్తు పెట్టిన ఆర్డీఓ గారే, రద్దు చేయవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగే విధంగా ఉదారంగా అర్థం చేసుకోవాలని, ఇల్లు తిరిగి స్వాధీనం చేయమని ఆదేశించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని స్పష్టం చేసింది. పైగా బతికున్నంతకాలం తాము ఆ ఇంట్లోనే ఉంటామని, అద్దెలు తామే తీసుకుంటామని రాసుకొని కూడా గిఫ్ట్ ఇవ్వవచ్చు. అలాంటి దానం చెల్లుతుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని దారులుండగా లాయర్లు వీలునామా వైపే ఎందుకు మొగ్గు చూపుతారో ఆలోచించండి. వీలునామా ఉంటేనే కదా రేపు వారికి కేసు వచ్చేది.

చిక్కడపల్లి:
ఏది రాసినా కూతురి సంతకం లేకుండా చెల్లదు. 2005 నుంచి కూతుళ్లకు సమాన హక్కు వచ్చింది.

కోర్టుపక్షి:
చిక్కడపల్లి గారూ, 2005 సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తికి వర్తిస్తుంది. కండక్టర్ గారు తన జీతంతో కొన్న స్థలంలో పుట్టుకతో కొడుక్కీ హక్కు లేదు, కూతురికీ లేదు. ఆయన ఏమీ రాయకుండా పోతేనే భార్య, కొడుకు, కూతురు ముగ్గురూ సమాన వాటాదారులవుతారు.

పెన్నాతీరం గారి ఆరోపణకు జవాబు. వీలునామా రాసివ్వడానికి మేము తీసుకునే ఫీజు చిన్నది. కేసులో గెలిచే ఆస్తిలో వాటా అడగడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలే నిషేధించాయి. ఫీజు ఎంతో, ఆ ఫీజులో ఏయే పనులు వస్తాయో ముందే కాగితం మీద రాయించుకోండి. అన్నింటికన్నా ముఖ్యంగా, లాయరును ఎవరు కుదిర్చారో చూసుకోండి. కొడుకు తీసుకొచ్చిన లాయరు, కొడుకు తెచ్చిన సాక్షులు, కొడుకు కారులో రిజిస్ట్రార్ ఆఫీసుకు ప్రయాణం, ఇవన్నీ రేపు అవతలివారి చేతికి ఆయుధాలవుతాయి. అది గిఫ్ట్ డీడ్ అయినా అంతే, ఒత్తిడి చేసి రాయించుకున్నారన్న వాదన దానికీ వస్తుంది. సాక్షులుగా మీకన్నా చిన్నవారిని, మిమ్మల్ని ఏళ్లుగా ఎరిగినవారిని పెట్టుకోండి. వారిలో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పవలసి ఉంటుంది. పెన్నాతీరం గారి కేసు నలుగుతున్నది ముఖ్యంగా అక్కడే కాని, వీలునామా అన్నందుకు కాదు.

సంతకం:
నేను అన్నది రిజిస్టర్ చేసిన వీలునామా గురించి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే అందరికీ కనబడుతుంది కదా, ఇక దాచేదేముంది?

కోర్టుపక్షి:
కనబడదు. వీలునామాలను రిజిస్ట్రార్ ఆఫీసులోని మూడో పుస్తకంలో నమోదు చేస్తారు, ఈసీ ఒకటో పుస్తకం నుంచి వస్తుంది. రాసిన వ్యక్తి బతికుండగా, ఆయన అడిగితే తప్ప నకలు కూడా ఎవరికీ ఇవ్వరు.

సంతకం:
అయినా రిజిస్టర్డే కదా.

మూడో అంతస్తు:
పెన్నాతీరం గారూ, షరతు రాస్తే సరిపోతుందని తేలికగా చెప్పేశారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి కన్నకొడుకు మీద ఆర్డీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకొని, వాయిదాకు వెళ్లి, వాడు నాకు అన్నం పెట్టడం లేదని పదిమంది ముందు చెప్పుకోవాలి. మా అమ్మ ఆ కుర్చీలో కూర్చొని తమ్ముడి వైపు చూసి నోరు మెదపలేదు. సెక్షన్ నంబరు చెప్పినంత సులువు కాదది. అయినా ఒక సంగతి అడుగుతాను. మీ అమ్మగారు మీ పేర ఎందుకు రాశారు? మిగిలిన ఇద్దరూ ఆమె పిల్లలు కారా?

పెన్నాతీరం:
ఎందుకంటే ఆమెను చూసుకున్నది నేను. డయాలసిస్‌కు తీసుకువెళ్లినది నేను, నడవలేని రోజుల్లో ఎత్తి స్నానం చేయించినది నా భార్య. మా అక్క సంక్రాంతికి వచ్చి చీర పెట్టించుకొని వెళ్లేది. ఆమెకు పెళ్లిలో ఇవ్వవలసినది ఇచ్చాము. తల్లి మంచాన ఉన్నప్పుడు రాని మనిషికి తల్లి ఇంట్లో వాటా మాత్రం ఎలా గుర్తుకొచ్చింది? మీరు కూడా అటువంటి ఆడపడుచే అయివుంటారు, అందుకే మీకు నా బాధ అర్థం కావడం లేదు.

మూడో అంతస్తు:
నేను ఎటువంటి ఆడపడుచునో మీకు తెలియదు. మా అమ్మను చివరిదాకా చూసుకున్నది నేనే, ఇల్లు మాత్రం తమ్ముడికి దక్కింది. చూసుకున్నవారికే ఇల్లు అన్న మీ లెక్క ప్రకారం అది నాకు రావాలి. నేను అడగలేదు, అడగను కూడా. మీరు చేసిన సేవకు ఇంటిని కూలి కింద అడుగుతున్నారు, పైగా పెళ్లికి ఇచ్చిన బంగారాన్ని ఆస్తిలో వాటాగా లెక్క కడుతున్నారు. ఆ బంగారం వరకట్నంగా అత్తవారింటికి పోయిందా, మీ అక్క చేతిలో మిగిలిందా అని ఎన్నడైనా అడిగారా?

పెన్నాతీరం:
కూలి అన్న మాట మీరు వెనక్కి తీసుకోవాలి. పదేళ్లు ఒక మనిషి జీవితం ఆగిపోతే దానికి విలువ లేదంటారా? మా అమ్మ తన ఇష్టంతో ఇచ్చింది. ఇచ్చేవారి ఇష్టాన్ని గౌరవించమనే నేను మొదటినుంచీ అంటున్నాను.

మూడో అంతస్తు:
ఇచ్చేవారి ఇష్టం చివరి శ్వాస దాకా వారి చేతిలోనే ఉండాలని నేను అంటున్నాను. మీకు కావలసినది పుచ్చుకునేవాడికి భద్రత, నాకు కావలసినది ఇచ్చేవారికి భద్రత. ఇందులో ఏ సెక్షన్ ఎంత ఉదారంగా చదివినా మనిద్దరికీ కుదరదు. కండక్టర్ గారూ, మీరు ఇంతవరకూ ఒక్క మాట కూడా చెప్పలేదు. మీ భార్యగారు ఏమంటున్నారు?

విశ్రాంత కండక్టర్:
అడిగారు కాబట్టి చెబుతున్నాను. పై పోర్షను కూతురికి రాయాలని నా భార్య పట్టుబడుతోంది. కూతురికి అత్తవారింట్లో పరిస్థితి బాగోలేదు. కొడుకేమో, పైన కోడలి పుట్టింటివారు ఇచ్చిన డబ్బుతోనే టైల్సు, వంటగది చేయించాను కాబట్టి అది నాదేనంటున్నాడు. అందులో అబద్ధం లేదు. వీలునామా రాస్తే నేను బతికున్నంతకాలం దానిని మార్చుకోవచ్చు కాబట్టి ఇంట్లో ఈ గొడవ రోజూ సాగుతూనే ఉంటుంది. ఒకరోజు నా భార్య ఏడుస్తుంది, ఒకరోజు వాడు అన్నం మానేస్తాడు. గిఫ్ట్ డీడ్ అయితే ఒక్క సంతకంతో అందరి నోళ్లూ మూతపడతాయని నా ఆలోచన.

పెన్నాతీరం:
అలాగైతే తొందరపడకండి. పిల్లవాడికి ఇవ్వవద్దని నేను అనడం లేదు, కానీ అమ్మగారు ఒప్పుకోకుండా చేసిన కాగితం మీద మీ తరువాత మొదట కోర్టుకెక్కేది ఆవిడే కావచ్చు.

చిక్కడపల్లి:
చూశారా, నేను ముందే చెప్పాను, ఆడవాళ్ల సంతకం కావాలని.

కోర్టుపక్షి:
చట్టప్రకారం అక్కరలేదు, ఇంట్లో అవసరమైతే అది వేరే సంగతి. కండక్టర్ గారూ, మీరు ఎవరికి ఎంత ఇచ్చినా భార్య సంగతి మాత్రం విడిగా రాయించండి. ‘ఆమె బతికున్నంతకాలం కింది పోర్షనులో ఉండవచ్చు’ అని రాసి సరిపెట్టవద్దు. మనోవర్తి హక్కుకు బదులుగా హిందూ స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు (బతికున్నంతకాలం అనుభవించే హక్కు) సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో, అదీ మన ఆంధ్ర ప్రాంతపు కేసులోనే, సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఏ పరిస్థితిలో మారుతుంది, ఏ పరిస్థితిలో మారదు అన్నదాని మీద ఇప్పటికీ కేసులు నడుస్తున్నాయి. ఆ ఒక్క వాక్యం రాయడానికే లాయరు కావాలి, డాక్యుమెంట్ రైటర్ దగ్గర ఉండే పాత నమూనా దానికి పనికిరాదు.

పై పోర్షను విడిగా ఇచ్చే ఉద్దేశం ఉంటే షెడ్యూలులో (కాగితంలో ఆస్తి వివరాలు రాసే భాగంలో) 200 గజాలలో అవిభక్త వాటా, అంటే విడదీయని స్థలంలో ఒక్కొక్కరి వాటా, ఎంతో, మెట్లు, నీళ్ల ట్యాంకు, బోరు, డాబా ఎవరెవరు వాడుకోవచ్చో కూడా రాయించండి. కొడుకూ కోడలూ పెట్టిన ఖర్చుకు కూతురు ఎంత ఇవ్వాలో, లేదా మీరే నగదు రూపంలో కొడుక్కి సర్దుతారో తేల్చండి. దీనిని ఇంట్లో నలుగురూ కూర్చొని తేల్చుకున్న తరువాతే నా బోటివాడి దగ్గరకు రండి.

విశ్రాంత కండక్టర్:
మెట్లు ఇంటి లోపలినుంచే ఉన్నాయండీ. బయటినుంచి వేరే మెట్లు వేయాలంటే స్థలం లేదు.

మూడో అంతస్తు:
అయితే కూతురు ఎప్పటికైనా ఆ ఇంటికి రావాలంటే తమ్ముడి హాలులోంచే నడవాలి. ముందు అది అడగండి ఆయన్ని.

పెన్నాతీరం:
తమ్ముడో అన్నో ఇంకా ఆయన చెప్పలేదు. మీరు మళ్లీ మీ ఇంటి కథనే ఆయనకు అంటగడుతున్నారు.