"చూడచూడ రుచుల..." జాడ వేరా, తీరు వేరా?

రేపల్లె అబ్బాయి: ఏ కాల్‌కి డేటా పోతుందో, ఏ కాల్‌కి ప్లాన్ నిమిషాలు పోతాయో అమ్మానాన్నలకి కాగితం మీద రాసిస్తున్నాను. పైన వేమన పద్యం పెడదామని. "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" దాకా వస్తోంది. తర్వాత "రుచుల జాడ వేరు"నా, "తీరు వేరు"నా? నాన్న "తీరు" అంటారు.

తెనాలి మాస్టారు: జాడే నాయనా. పాదం మొదటి అక్షరంతో యతిస్థానంలో అక్షరం కలవాలి. చ-జ హల్లులు కలిసినా ఊ-ఆ అచ్చులు కలవవు, మామూలు యతి చెల్లదు. పాదాన్ని నిలబెట్టింది వాటి పక్క అక్షరాలు కలిసే ప్రాసయతి: చూడ–జాడ. "తీరు" పెడితే డకారం పోతుంది.

వరంగల్ అక్క: అది సరే మాస్టారూ. "చూడచూడ" మాటేమిటి? కళ్ళతో చూడటం కాదు, రుచి చూడటం. వంటింట్లో ఇప్పటికీ "ఉప్పు చూడు" అంటాం గదా.

తెనాలి మాస్టారు: నాలుక మీద పడగానే తెలిసేదానికి రెండు "చూడ"లు ఎందుకమ్మా? పరికించగా పరికించగా అనే.

డల్లాస్ నుంచి: ఇక్కడ గూగుల్ వాయిస్ అనే ఫోన్ కాల్ యాప్ వాడేవాళ్ళకి ఈ పద్యం బాగా పడుతుంది. నంబరు నొక్కే తెర ఒకటే. సెట్టింగుల్లో క్యారియర్ అని ఉంటే కాల్ సిమ్ మీదుగా వెళ్ళి ప్లాన్ నిమిషాలు తింటుంది. వైఫై, మొబైల్ డేటా అని మారిస్తే నెట్ మీద పోతుంది. అందుకే నా లెక్కలో "జాడ" అంటే అడుగుజాడ, వెళ్ళిన దారి.

హైదరాబాద్ నుంచి: దారి అంటే ఒప్పుకోను అన్నా. 2016లో జియో వచ్చాక మన మామూలు కాల్ కూడా చాలావరకు వోల్టీలో, అంటే 4జీ నెట్‌వర్క్ మీదే, డేటాలాగా ప్యాకెట్లుగానే పోతోంది. వాట్సాప్ కాల్‌కీ అదే టవర్. వోల్టీని ఆపరేటర్ కాల్‌గా రాసుకుంటాడు, డేటా కోటా ముట్టుకోడు. వాట్సాప్‌ది డేటాలో కోస్తాడు. సిమ్ నంబరు కాల్ ఇంటి వైఫై మీద వెళ్ళే వైఫై కాలింగ్ కూడా ప్లాన్ కాల్ కిందకే వస్తుంది. దారి కలిసినా లెక్క వేరు. ఇక్కడ జాడ అంటే విధం.

రేపల్లె అబ్బాయి: మరి అన్‌లిమిటెడ్ కాల్స్ ఉన్న అమ్మ పక్కింటావిడకి వాట్సాప్‌లో చేస్తే?

హైదరాబాద్ నుంచి: వైఫై లేకపోతే డేటా దండగ. గొంతుని అంకెలుగా మార్చే పాత జి.711 పద్ధతిలో సెకనుకు 64 కిలోబిట్లు, అంటే ఒక్క వైపుకే నిమిషానికి 480 కిలోబైట్లు. ఇప్పటి యాప్‌లు ఇంకా తక్కువలో సర్దుకోగలవు. వీడియో ఆన్ చేస్తే మాత్రం చాలా లాగుతుంది. అమెరికాలో ఉన్న కొడుక్కి చేసేటప్పుడు యాప్ మేలు. ఆ అన్‌లిమిటెడ్ మామూలుగా దేశం దాటదు.

వరంగల్ అక్క: పద్యం వదిలేశారు. "వేరు"లో బండి ఱ ఉండొద్దా? వేరు చెట్టుది, భేదం వేఱు.

తెనాలి మాస్టారు: నిఘంటువు ప్రకారం నిజమే. కానీ వేమన రేఫలు తూచుకునే కవి కాడమ్మా. ఆ మాట రెండుసార్లు ఎలా వేశాడో చూడు. "జాడ వేరు" వస్తువుకి, "పుణ్యపురుషులు వేరయా" మనిషికి. ఆ "అయా" దగ్గర ఎదుట కూర్చుని చెబుతున్నట్టుంటుంది. నాలుగు మాటల్లో అంత దూరం తీసుకెళ్ళినవాడు ఇంకొకడు లేడు.

వరంగల్ అక్క: వస్తువుకే అన్నారుగా, అయితే "చూడ" అంటే రుచి చూడటమే.

తెనాలి మాస్టారు: "ఒక్క పోలిక" అన్నది కంటికి కాదూ? కంటితో ఎత్తుకున్న పద్యం రెండో పాదంలో నోటికి ఎప్పుడు మారిందో చూపించు, ఒప్పుకుంటాను.