అప్‌డేట్: స్మూత్ జాజ్‌కి బేస్ టోన్ కుదిరింది

నా జాజ్ బేస్ గిటార్‌లో స్మూత్ జాజ్‌కి సరిపోయే మెత్తని టోన్ ఎలా తేవాలని అడిగాను కదా, వచ్చేసిందండీ! మీరు చెప్పినట్టే ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ (పైన చుట్టిన తీగ చదునుగా, నున్నగా ఉండేవి) వేయగానే వేళ్లు జారేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు దాదాపు పోయింది. నెక్ పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) ఫుల్, బ్రిడ్జ్ పికప్ కాస్త తక్కువ, టోన్ నాబ్ సగం. రెండు పికప్‌లూ సమానంగా లేకపోతే సన్నగా హమ్ (గుయ్యిమనే చప్పుడు) వస్తుంది, ఎందుకంటే ఆ సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు ఒకదాని హమ్‌ని ఇంకొకటి పూర్తిగా రద్దు చేసేది వాల్యూమ్ సమంగా ఉన్నప్పుడే, కానీ బ్యాండ్‌లో అది వినపడదు.

అసలు తేడా కుడిచేతిదే. ఫ్రెట్‌బోర్డ్ చివర, వేలి కండతో మెల్లగా మీటితే నోట్ గుండ్రంగా, నిండుగా పలుకుతోంది. ఆంప్‌లో 250 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించాక కీబోర్డ్‌తో కలిసి ముద్దగా అవడం లేదు. కంప్రెసర్ (చప్పుడులో హెచ్చుతగ్గుల్ని తగ్గించేది) 3:1 నిష్పత్తిలో ఉంచాను, అంతకంటే పెంచితే మీటులోని ప్రాణం పోతోంది. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్!