సీ++ థ్రెడ్‌లో పని అయిపోయినా పైథాన్‌లో అవైట్ కదలట్లేదు

ప్రశ్న:
పైబైండ్11తో (సీ++ కోడ్‌ని పైథాన్ నుంచి పిలవనిచ్చే లైబ్రరీ) కట్టిన మాడ్యూల్. సీ++ వర్కర్ థ్రెడ్ సెన్సర్ చదువుతుంది, పైథాన్ వైపు అసింక్‌ఐఓ ఫ్యూచర్ (తర్వాత రాబోయే ఫలితాన్ని పట్టుకునే ఆబ్జెక్ట్) మీద అవైట్ (ఫలితం వచ్చేదాకా ఆగడం) ఉంది. చదవడం 20 మిల్లీసెకన్లలో అయిపోతోంది, అవైట్ మాత్రం ఒక్కోసారి సెకను దాకా తిరిగి రాదు. ఈవెంట్ లూప్‌లో (అసింక్‌ఐఓ పనులను వంతులవారీగా నడిపేది) సెకనుకోసారి నడిచే హార్ట్‌బీట్ టాస్క్ తీసేస్తే అసలే రాదు. వర్కర్‌లో జిఐఎల్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) తీసుకున్నాకే, ఫ్యూచర్‌లో ఫలితం పెట్టే సెట్_రిజల్ట్ పిలుస్తున్నాను. ఇంకేం మిగిలింది?

జవాబు 1:
జిఐఎల్ ఇంటర్‌ప్రెటర్‌ని కాపాడుతుంది కానీ నిద్రపోతున్న లూప్‌ని లేపదండీ. పని లేనప్పుడు లూప్ లినక్స్‌లో ఈపోల్ (ఏదైనా సంకేతం వచ్చేదాకా నిద్రపోయే సిస్టమ్ కాల్) దగ్గర ఆగి ఉంటుంది. మీ సెట్_రిజల్ట్, అవైట్‌ని కొనసాగించే కాల్‌బ్యాక్‌ని లూప్ రెడీ క్యూలో పెట్టింది, ఆ సంగతి ఈపోల్‌కి తెలీదు. హార్ట్‌బీట్ టైమర్‌కి లూప్ లేచినప్పుడు పనిలోపనిగా మీదీ నడుస్తోంది, అంతే.

లూప్.కాల్_సూన్_థ్రెడ్‌సేఫ్ వాడండి. అది క్యూలో పెట్టాక, లూప్ తనకోసం తెరిచి ఉంచుకున్న సాకెట్ జతలో ఒక బైట్ రాస్తుంది, ఈపోల్ వెంటనే లేస్తుంది. లూప్ ఆబ్జెక్ట్‌ని పైథాన్ వైపే పట్టుకుని వర్కర్‌కి ఇవ్వండి. వర్కర్‌లో గెట్_రన్నింగ్_లూప్ పిలిస్తే రన్‌టైమ్‌ఎర్రరే. అసింక్‌ఐఓ డీబగ్ మోడ్ ఆన్ చేసి ఉంటే ఈ తప్పు మొదటి పిలుపుకే బయటపడేది.

జవాబు 2:
పై జవాబుకి ఒక చేర్పు: కాల్_సూన్_థ్రెడ్‌సేఫ్‌కి సెట్_రిజల్ట్‌ని నేరుగా పంపకండి. అవైట్‌కి గడువు పెట్టే వెయిట్_ఫర్ వాడితే, గడువు దాటాక ఫ్యూచర్ రద్దయిపోతుంది, తర్వాత వచ్చే ఫలితం ఇన్వాలిడ్‌స్టేట్‌ఎర్రర్ లేపుతుంది. చిన్న ఫంక్షన్ రాసి, ఫ్యూచర్ డన్ (ముగిసినది) కాకపోతేనే సెట్ చేయండి. ఈ తనిఖీ లూప్ థ్రెడ్‌లోనే జరగాలి. వర్కర్‌లో చూసి పంపితే, ఈలోపు రద్దయ్యే సందు అలాగే ఉంటుంది.

జవాబు 3:
అసలు తలనొప్పి వర్కర్‌ని ఆపే స్టాప్ ఫంక్షన్ దగ్గర. పైథాన్ నుంచి పిలిచిన స్టాప్ జిఐఎల్ పట్టుకునే జాయిన్ చేస్తుంది (వర్కర్ ముగిసేదాకా ఆగుతుంది), వర్కర్ అదే జిఐఎల్ కోసం ఆగుతుంది. ఇద్దరూ అక్కడే ఇరుక్కుంటారు. స్టాప్ బైండింగ్‌కి (పైథాన్‌కి ఆ ఫంక్షన్‌ని చూపించే చోట) కాల్_గార్డ్‌తో జిఐఎల్_స్కోప్డ్_రిలీజ్ పెట్టండి, ఆ పిలుపు నడిచినంతసేపు జిఐఎల్ వదిలి ఉంటుంది.

లాంబ్డాలో (పేరు లేని సీ++ ఫంక్షన్) క్యాప్చర్ చేసిన పై::ఆబ్జెక్ట్‌లు (పైథాన్ ఆబ్జెక్ట్‌ని పట్టుకునే పైబైండ్11 టైప్) కూడా చూసుకోండి. జిఐఎల్ వదిలాక లాంబ్డా పోతే రెఫరెన్స్ కౌంట్ (ఆబ్జెక్ట్‌ని ఎందరు వాడుతున్నారనే లెక్క) తాళం లేకుండా తగ్గి, ఎప్పుడో సంబంధం లేని చోట సెగ్‌ఫాల్ట్ (తప్పు మెమరీ తాకి క్రాష్) వస్తుంది. జిఐఎల్ తీసుకునే జిఐఎల్_స్కోప్డ్_అక్వైర్ తర్వాతి లైన్లో వాటిని లోకల్ వేరియబుల్‌లోకి మూవ్ చేయండి. లోకల్స్ వెనక నుంచి ముందుకు పోతాయి కాబట్టి తాళం కంటే ముందే అది పోతుంది.

లూప్ మూసేశాక కాల్_సూన్_థ్రెడ్‌సేఫ్ పిలుపు వస్తే రన్‌టైమ్‌ఎర్రర్. థ్రెడ్‌లో దాన్ని క్యాచ్ చేయకపోతే టెర్మినేట్, ప్రోగ్రామ్ మొత్తం పోతుంది. ముందు వర్కర్‌ని ఆపి, తర్వాతే లూప్ మూయండి.

ప్రశ్న అడిగినవారు:
డీబగ్ మోడ్‌లో మొదటి పిలుపుకే ఎర్రర్ పడింది. థ్రెడ్‌సేఫ్‌కి మార్చాక హార్ట్‌బీట్ లేకుండానే వస్తోంది. స్టాప్ బైండింగ్‌లో గార్డ్ లేదు, ఇప్పుడే పెడుతున్నాను.