జీడితోటకు అలవాటు పడిన ఎలుగు: ఏం చేస్తే మంచిది?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, మందస దగ్గర. రెండేళ్లుగా ఒక ఎలుగుబంటి మా జీడితోటకు వస్తోంది. ఈ ఏడాది వీపు మీద పిల్లను ఎక్కించుకుని మరీ వచ్చింది. మొదట్లో మనిషి అలికిడికే పారిపోయేది. ఇప్పుడు టార్చి వేసినా తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ తన పనిలో పడుతోంది.

మేం గింజ తీసుకుని జీడిపండ్లను చెట్ల కిందే కుప్పగా వదిలేస్తాం. పులిసిన వాసన ఇంటిదాకా వస్తుంది. పొద్దున చూస్తే ఆ కుప్ప చెల్లాచెదురై ఉంటుంది, గట్టు మీది చెదపుట్టకు నా చెయ్యి మోచేతిదాకా దిగేంత గొయ్యి.

మనుషులు తిరిగే చోట పెద్ద జంతువులు పగలు తిరగడం తగ్గించి రాత్రికి మారతాయని చదివాను. ఇక్కడా అదే కనిపిస్తోంది. కానీ మా నాన్న తెల్లవారకముందే గింజలు ఏరడానికి వెళ్తారు, చెప్పినా వినరు. అది తిరిగి వెళ్లే టైమూ అదే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒకరి ప్రాణం పోయింది, పట్టుకున్నాక ఆ ఎలుగూ బతకలేదు. అది తలచుకుంటేనే టెన్షన్.

దానికి హాని చేయాలని మాకు లేదు. పండ్లను రోజూ గోతిలో పూడ్చేస్తే రావడం తగ్గుతుందా? లేక రుచి మరిగింది కాబట్టి ఇంటి మీదికే వస్తుందా? పిల్లతో ఉన్నప్పుడు ఎదురుపడితే ఏం చేయాలి? ఎలుగులున్న ఊళ్లలో ఉంటున్నవాళ్లు మీరు చేసి చూసింది చెప్పండి, దయచేసి.