ముడిచమురు పారిన వరి మడికి యూరియా పెంచాలా, విరామం ఇవ్వాలా?
కోనసీమలో మా చేను పక్కగా వెళ్లే ముడిచమురు గొట్టం వేసవిలో పగిలి, సుమారు 20 సెంట్ల మేర చమురు పారింది. పైమట్టి కొంత ఎత్తి తీసుకుపోయారు గానీ, అక్కడ సార్వాలో నాటిన వరి పిలకలు వేయక, ముదురాకులు ముందుగా పసుపుబారి, గిడసబారిపోయింది. మొక్క పీకి చూస్తే వేళ్లు నల్లగా, కురచగా ఉన్నాయి, ఎండిన మట్టిపెడ్డపై నీళ్లు పోస్తే ఇంకకుండా ముత్యాల్లా జారిపోతున్నాయి. చమురులోని కర్బనాన్ని తినే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడేసుకుంటాయని చదివాను. అలాగైతే యూరియా మోతాదు పెంచడం మేలా, లేక ఒక పంట విరామమిచ్చి, పశువుల ఎరువు కలిపి పలుమార్లు దున్ని గాలి తగలనివ్వడం మేలా? (నష్టపరిహారం సంగతి వేరు, దాన్ని ఇక్కడ అడగడం లేదు.) మట్టి పరీక్షలో ఏమేమి చూపించాలో, ఆ మడి గింజలు తినవచ్చో లేదో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.