అప్‌డేట్: రెండు రీస్టోరేషన్లలో ఏ రంగులు నమ్మాలి?

ఒకే పాత సినిమాకి రెండు రీస్టోరేషన్లు (పాత ఫిల్మ్‌ని బాగుచేసి తీసిన కొత్త కాపీలు) ఉన్నాయి, ఒకటి పసుపుగా, ఇంకొకటి కాస్త నీలంగా కనిపిస్తోంది, ఏది అసలుకి దగ్గర అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ముందు టీవీలో రంగులు పెంచి చూపే వివిడ్ మోడ్ తీసేసి, సినిమా రంగుల్ని ఉన్నవున్నట్టు చూపే ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టాను. తేడా తగ్గింది కానీ పోలేదు. తర్వాత హీరో తెల్ల చొక్కా ఒక్కటే పట్టుకుని చూశాను. నీలం వెర్షన్‌లో దీపం వెలుగులో చొక్కా పసుపు తిరిగింది, ఆరుబయట ఎండలో మళ్లీ తెల్లబడింది. పసుపు వెర్షన్‌లో మాత్రం ఎండలోనూ, నీడలోనూ, రాత్రి గదిలోనూ అదే పసుపు! వెలుగు మారినా రంగు మారకపోతే అది కెమెరామన్ పని కాదు, ఈ మధ్య గ్రేడింగ్‌లో (రీస్టోరేషన్‌లో రంగులు సరిచేసే పనిలో) పూసిందే అని నా గట్టి నమ్మకం.

పాత ప్రింట్‌తో (అప్పట్లో థియేటర్లలో వేసిన ఫిల్మ్ కాపీతో) పోల్చమన్నారు కొందరు. అది ఏ ప్రింటో తెలియాలి. ఈస్ట్‌మన్‌కలర్ అనే కలర్ ఫిల్మ్ మీద తీసిన పాత ప్రింట్లలో సాధారణంగా సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసిన) డై ముందు వెలిసిపోతుంది, అందుకే బొమ్మంతా గులాబీ రంగుకి తిరుగుతుంది. టెక్నికలర్ డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు (రంగుల్ని ఒక్కొక్కటిగా ఫిల్మ్ మీద అద్ది చేసినవి) అలా వెలిసిపోవు, సాక్ష్యంగా వాటికే విలువ ఎక్కువ. అయితే అవి ప్రొజెక్టర్లలో కార్బన్ ఆర్క్ దీపాలు వాడిన కాలం నాటివి. తర్వాత వచ్చిన జెనాన్ దీపంతో వేస్తే తెలుపు కొంచెం వేరుగా పడుతుంది.

డే ఫర్ నైట్ సీన్ల (పగలు తీసి రాత్రిలా చూపే సీన్ల) సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అక్కడ నీలం ఎంత ఉండాలో చొక్కా చెప్పలేదు కదా. ప్రస్తుతానికి నీలం వెర్షనే ఉంచుకుంటున్నాను.